ఒక్క రోజూ మానలేదు, అయినా ఒంట్లో సత్తువ లేదు. ఆపాలా, కొనసాగించాలా?

కృష్ణలంక_వాకర్
జనవరి మొదటి వారంలో మొదలుపెట్టాను. వారానికి ఐదు రోజులు జిమ్ము, మూడు రోజులు పరుగు. సంవత్సరం చివరికల్లా 21 కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తాలన్నది లక్ష్యం. వయసు 36, విజయవాడ బందరు రోడ్డులో లెక్కలు చూసే ఉద్యోగం. 82 కిలోల నుంచి మార్చి నాటికి 75కి వచ్చాను. అక్కడితో ముల్లు ఆగిపోయింది. రాత్రి అన్నం మానేశాను, అయినా కదలలేదు.

అసలు బాధ బరువు గురించి కాదు. మూడు వారాలుగా పొద్దున లేవగానే కాళ్లు ఇసుక నింపిన సంచుల్లా ఉంటున్నాయి. మార్చిలో సునాయాసంగా ఎత్తిన బరువు ఇప్పుడు లేవడం లేదు. మెట్లెక్కితే ఆయాసం. ముఖం పీక్కుపోయిందని ఇంట్లో అంటున్నారు. నిన్న సాయంత్రం మా అమ్మాయి వెనకనుంచి వచ్చి భుజాల మీద ఎక్కబోతే గట్టిగా కసిరాను. ఆరేళ్ల పిల్ల. భయపడి వాళ్లమ్మ వెనక దాక్కుంది. అప్పటినుంచి మనసు మనసులో లేదు.

జిమ్ములో శిక్షకుణ్ణి అడిగితే, ఇది మనసు ఆడే నాటకం, లొంగితే ఇన్నాళ్ల కష్టం పోతుంది అన్నారు. నాకూ అదే భయం. ఒక్క రోజు మానితే మళ్లీ పాత మనిషినైపోతానేమోనని. ఇది బద్ధకమా, లేక ఒళ్లు నిజంగానే ఏదో చెబుతోందా? ఎలా తెలుసుకోవాలి?

ఇనుము_మనిషి
పదకొండేళ్లుగా జిమ్ముకు వెళ్తున్నాను. నా అనుభవం ఒక్కటే: ఒక రోజు మానిన వాడు మూడు రోజులు మానతాడు, మూడు రోజులు మానిన వాడు మూడు నెలలు మానతాడు. మొదటి ఆరు నెలల్లో అందరికీ ఈ దశ వస్తుంది. దాటేయండి.

గట్టువెనుక
రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నారు?

కృష్ణలంక_వాకర్
ఆఫీసు నుంచి వచ్చేసరికి ఎనిమిదిన్నర. అన్నీ అయ్యి పడుకునేసరికి పావు తక్కువ పన్నెండు. లేచేది నాలుగున్నరకు.

గట్టువెనుక
అంటే నాలుగు గంటల నలభై ఐదు నిమిషాలు. పెద్దవాళ్లకు రాత్రికి కనీసం ఏడు గంటలు కావాలి. రోజుకు రెండు గంటలకు పైగా అప్పు చేస్తున్నారు. నాలుగు నెలల అప్పు అది.

బెంజిసర్కిల్_సైకిల్
ఇనుము_మనిషి గారు చెప్పినదానితో నేను ఏకీభవించను. మానడం వేరు, విశ్రాంతి తీసుకోవడం వేరు. రెండు పనులకూ బయటినుంచి చూస్తే ఒకే రూపం, మనిషి మంచం మీద ఉంటాడు. లోపల జరిగేది వేరు.

డ్రిల్లు_మాస్టారు
ముప్పై ఏళ్లు గుంటూరు జిల్లా పాఠశాలల్లో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేశాను. కబడ్డీ జట్లను తయారు చేశాను. బాబూ, మీరు రాసింది చదివితే నాకు పాత మైదానాలన్నీ గుర్తొచ్చాయి. ఇదే ముఖం, ఇవే మాటలు. చాలామంది మంచి ఆటగాళ్లను ఇలా పోగొట్టుకున్నాం. బద్ధకస్తులెప్పుడూ పాడవలేదు, శ్రద్ధ ఉన్నవాళ్లే పాడయ్యారు.

ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. బరువు ఎత్తుతున్నప్పుడు కండ పెరగదు. అప్పుడు దానికి తగిలేది దెబ్బే. ఆ దెబ్బను మాన్పుకునేటప్పుడు ముందుకంటే కొంచెం గట్టిగా కట్టుకుంటుంది. ఆ కట్టుబడి పని ఒకటి రెండు రోజులు సాగుతుంది. నొప్పి కూడా ఎత్తిన రోజు కంటే రెండో రోజు, మూడో రోజు ఎక్కువ తెలుస్తుంది, గమనించే ఉంటారు. గోడకు సిమెంటు పూసి, తడి ఆరకముందే దాని మీద మళ్లీ గోడ కడితే ఏమవుతుంది? మీ ఒంట్లో ఇప్పుడు జరుగుతున్నది అదే.

ఎలా తెలుసుకోవాలి అని అడిగారు. పైసా ఖర్చు లేని పద్ధతి ఉంది. తెల్లవారి మెలకువ రాగానే, లేవకుండా, ఫోను చూడకుండా, బొటనవేలి కింద మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి నిమిషం పాటు నాడి లెక్కపెట్టండి. మంచం పక్కన ఒక చీటీ పెట్టుకుని రాయండి. వారం రాస్తే మీ మామూలు అంకె తెలుస్తుంది. దానికంటే ఏడెనిమిది ఎక్కువ వచ్చిన పొద్దున ఒళ్లు ఇంకా నిన్నటి పనిలోనే ఉందని మేము లెక్కవేసేవాళ్లం. ఆ రోజు ఆ పిల్లవాడిని గీత బయటే కూర్చోబెట్టేవాణ్ణి. ఏడ్చేవాళ్లు కూడా ఉన్నారు. అయినా కూర్చోబెట్టేవాణ్ణి.

కృష్ణలంక_వాకర్
మాస్టారూ, నా చేతి గడియారంలో నాడి లెక్క ఉంటుంది, ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇప్పుడే వెనక్కి వెళ్లి చూశాను. ఫిబ్రవరిలో పడుకున్నప్పుడు 60, 61. ఈ వారం 71, 72, 70, 73.

గట్టువెనుక
ఇంకేం కావాలి?

ఇనుము_మనిషి
మాస్టారి అనుభవం ముందు నేను చిన్నవాణ్ణి. కానీ ఒక మాట. ఆటగాళ్లకు శిబిరం, భోజనం, గురువు అన్నీ ఉంటాయి. మన బోటి ఉద్యోగులకు మిగిలింది అలవాటు ఒక్కటే. అలవాటు తెగితే అతికించడం చాలా కష్టం. అందుకే మానమని చెప్పడానికి నాకు నోరు రాదు. 2017లో ఒక పెళ్లి హడావిడిలో పది రోజులు మానాను. తిరిగి మొదలుపెట్టడానికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలలు నాకు ఇంకా గుర్తున్నాయి.

రాత్రి_డ్యూటీ
గుంటూరులో నర్సుగా పనిచేస్తున్నాను. నెలలో పది పన్నెండు రాత్రులు డ్యూటీ. పొద్దున ఎనిమిదికి దిగి తిన్నగా జిమ్ముకు వెళ్లేదాన్ని, నిద్రపోతే మళ్లీ లేవలేనని. రెండు నెలల తర్వాత ఒక రోజు మందు మోతాదు రాస్తుంటే అంకెలు కళ్ల ముందు అలికినట్టయ్యాయి. పక్కనున్న పెద్ద సిస్టరు పట్టుకుంది కాబట్టి సరిపోయింది. నా అలసటకు ఇంకొకరి ప్రాణం మూల్యం కాబోయిందని ఆ రోజు ఇంటికి వెళ్లి ఏడ్చాను.

అప్పటినుంచి నియమం పెట్టుకున్నాను. ఆరు గంటల కంటే తక్కువ నిద్రపోయిన రోజు నడక మాత్రమే. బరువుల జోలికి వెళ్లను. రాత్రి డ్యూటీ దిగిన పొద్దున అసలేమీ చేయను. కిటికీకి నల్లగుడ్డ కట్టి, ఫోను వేరే గదిలో పెట్టి పడుకుంటాను. ఇనుము_మనిషి గారూ, అలవాటు తెగుతుందన్నారు కదా. నిద్ర కూడా నాకు అలవాటులోకే వస్తుంది. దాన్నీ తెగనివ్వను.

కృష్ణలంక గారూ, రోజుకు ఎన్ని కాఫీలు?

కృష్ణలంక_వాకర్
నాలుగు. చివరిది సాయంత్రం ఆరింటికి, ఆఫీసులో.

రాత్రి_డ్యూటీ
కాఫీలోని కెఫీన్ సగానికి తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. ఆరింటికి తాగిన దాంట్లో దాదాపు సగం మీరు పక్క ఎక్కేసరికి ఇంకా ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటాక మానేసి చూడండి.

బ్రాడీపేట_అక్క
ఎక్కువగా మగవాళ్లే రాస్తున్నారు కాబట్టి ఆడవాళ్ల సంగతి నేను చెబుతాను. సంవత్సరం క్రితం నాదీ ఇదే కథ. మెట్లెక్కితే ఆయాసం, జుట్టు రాలడం, మధ్యాహ్నానికి తల తిరగడం. నేనే నన్ను తిట్టుకునేదాన్ని, పట్టుదల లేని మనిషినని. చివరికి రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.9. ఆడవాళ్లకు 12 ఉండాలి. ఇంధనం లేని బండిని కొరడాతో కొట్టాను ఇన్నాళ్లూ.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో (2019-21) మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. సగానికి పైగా! ఇంతమందిని పట్టుకుని "కొంచెం ఓపిక తెచ్చుకో" అంటే ఎక్కడినుంచి తెస్తారు?

డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలు, ఆకుకూర, పప్పులో నిమ్మరసం. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు మానేశాను, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. నాలుగు నెలలకు 11.8. ఇప్పుడు అదే మెట్లు, అదే నేను, ఆయాసం లేదు. అలసట మూడు వారాలు దాటితే ముందు రక్తం, థైరాయిడ్, షుగరు చూపించుకోండి. తర్వాత క్రమశిక్షణ గురించి మాట్లాడుకుందాం.

అమరావతి_రోడ్డు
అక్కా, మీ మాట ఇంట్లో చదివి వినిపించాను. రేపు మా ఆవిడను పరీక్షకు తీసుకెళ్తున్నాను.

బ్రాడీపేట_అక్క
చాలా సంతోషం. పనిలో పని మీరూ చేయించుకోండి.

ప్రొటీన్_పప్పు
అసలు సంగతి తిండి. రాత్రి అన్నం మానేశానన్నారు. తెల్లవారి దేనితో పరుగెత్తుతున్నారు? పరుగుకు కండ వాడుకునేది ప్రధానంగా పిండిపదార్థం. అది లేకపోతే కాళ్లు ఇసుక సంచులే అవుతాయి. ఇక ప్రొటీన్. మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు చాలని మన జాతీయ పోషకాహార సంస్థ లెక్క. ఇంత వ్యాయామం చేసేవాళ్లకు 1.4 నుంచి 2 గ్రాముల దాకా కావాలి. 75 కిలోల మనిషికి తక్కువలో తక్కువ 105. మీరు తినేదాంట్లో ఎంత వస్తుందో ఒక రోజు రాసి చూడండి.

కృష్ణలంక_వాకర్
పొద్దున రెండు ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం పప్పు కూర, రాత్రి రెండు పుల్కాలు. వారానికి రెండు సార్లు కోడిగుడ్డు, ఆదివారం కోడికూర.

ప్రొటీన్_పప్పు
మామూలు రోజున 45 దాటవు. పొడి డబ్బాలు కొనమని చెప్పను. ఇడ్లీ బదులు పెసరట్టు వేయించుకోండి, వంద గ్రాముల పెసల్లో 24 గ్రాముల ప్రొటీన్ ఉంది. గుడ్డుకు ఆరు. సాయంత్రం గుప్పెడు ఉడికిన శనగలు, రాత్రి పెరుగన్నం. అవును, అన్నమే. వేసవిలో పెరుగన్నం తినని వాడు విజయవాడలో ఎందుకు పుట్టినట్టు?

వన్‌టౌన్_బాషా
ఉపవాసం ఉన్నవాళ్ల సంగతి కూడా రాస్తాను. రంజాన్‌లో నెల రోజులు రోజా ఉంటాను, వ్యాయామం మాత్రం వదలను. మొదటి సంవత్సరం మధ్యాహ్నం చేశాను, కళ్లు బైర్లు కమ్మాయి. ఇప్పుడు ఇఫ్తార్‌కు అరగంట ముందు నెమ్మదిగా నడక, రాత్రి తరావీ నమాజు అయ్యాక బరువులు, అది కూడా మామూలులో సగం. ఆ నెలలో పెరగాలని చూడను. ఉన్నది నిలబెట్టుకుంటే చాలు. పండగ అయిన పది రోజులకు పాత బరువులన్నీ తిరిగి ఎత్తుతాను. సగం చేసినా నెలలో ఏమీ పోదు, నాలుగేళ్లుగా చూస్తున్నాను.

ఇనుము_మనిషి
బాషా భాయ్, ఇది నచ్చింది. సగం చేయడం. మానకుండా సగం చేయడం.

యార్డు_బిడ్డ
మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో హమాలీగా ఇరవై ఆరేళ్లు చేశారు. ఆయన గురించి రాయాలనిపించింది.

ఒక్కో టిక్కీ, అంటే మిర్చి బస్తా, నలభై కిలోల పైమాట. సీజనులో తెల్లవారుజాము నుంచి మోత. ఘాటుకు కళ్లు, ముక్కు మండిపోతూ ఉంటాయి. అయినా ఆయన రోజంతా ఒకే వేగంతో నడిచేవారు. కుర్రవాళ్లు మొదటి గంటలో పరుగులు పెట్టి పదింటికి కూలబడేవాళ్లు. నాన్న రెండు లారీలకు ఒకసారి ఆగేవారు. స్టీలు క్యారియర్లో అమ్మ పెట్టిన చద్దన్నం, మజ్జిగ, ఒక ఉల్లిపాయ. ఉల్లిపాయను పిడికిలితో గుద్ది పగలగొట్టేవారు, కత్తి ఉండేది కాదు. తిన్నాక గోడౌను నీడలో ఖాళీ గోనెసంచి పరచుకుని, తువ్వాలు ముఖం మీద కప్పుకుని అరగంట పడుకునేవారు. ఎవరు పిలిచినా లేచేవారు కాదు. కాంట్రాక్టరు పిలిచినా సరే. చిన్నప్పుడు సెలవులకు వెళ్లి ఆ తువ్వాలు ఆయన ఊపిరికి లేస్తూ పడుతూ ఉండటం చూస్తూ కూర్చునేవాణ్ణి.

వేసవిలో యార్డుకు సెలవులు ఇస్తారు కదా, దాదాపు నెల. ఆ నెల ఆయన ఏ పనికీ వెళ్లేవారు కాదు. కూలి పోతుందని అమ్మ అంటే, "ఈ నెల పడుకుంటేనే పదకొండు నెలలు నిలబడతాను" అనేవారు. అరవై దాటినా ఆయన నడుము నిటారుగానే ఉంది. తోటివాళ్లలో చాలామందికి అది దక్కలేదు.

డ్రిల్లు_మాస్టారు
యార్డు_బిడ్డా, మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు. శిక్షణా శిబిరాల్లో మాకు నేర్పిన పాఠం ఆయన గోనెసంచి మీద పడుకుని చదివారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్ బరువులెత్తే పోటీలో కరణం మల్లీశ్వరి 110, 130 ఎత్తి, మొత్తం 240 కిలోలతో కాంస్యం తెచ్చిన రోజు మా పాఠశాలలో పిల్లలందరూ బస్తాలు ఎత్తడం మొదలుపెట్టారు. రోజూ అంతే బరువు ఎత్తాలేమో అనుకున్నారు. పోటీ దగ్గరపడే కొద్దీ బరువులు తగ్గిస్తారని చెబితే ఒక్కడూ నమ్మలేదు.

బెంజిసర్కిల్_సైకిల్
మరో సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎండ. ఇప్పుడు ఏప్రిల్ చివర. ఐదున్నరకే ఉక్కపోత. నది పక్కన గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఫిబ్రవరిలో పరుగెత్తిన వేగమే ఇప్పుడూ పరుగెత్తితే గుండెకు అది రెట్టింపు పని అనిపిస్తుంది. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. వేగం చూడకండి. పక్కవాడితో మాట్లాడుతూ పరుగెత్తగలిగితే అదే సరైన వేగం. మాట తెగిపోతుంటే నడవండి. సీసాలో ఉప్పు వేసిన మజ్జిగ పట్టుకెళ్లండి.

అమరావతి_రోడ్డు
ఒక హెచ్చరిక రాయకుండా ఉండలేను. మా బాబాయి కొడుకు ఒక జిమ్ములో చేరిన మొదటి రోజే స్నేహితులతో పందెం వేసి మూడు వందల గుంజీలు తీశాడు. రెండో రోజు తొడలు వాచి మంచం దిగలేకపోయాడు. అందరం మామూలు నొప్పే అనుకున్నాం. మూడో రోజు మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వచ్చింది. ఆసుపత్రిలో ఐదు రోజులు ఉంచి సెలైన్లు ఎక్కించారు. కండ చితికిపోయి, దానిలోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలకు అడ్డుపడుతుందట. ఇంకొక రోజు ఆలస్యమైతే డయాలసిస్ అన్నారు. వయసు 22. ఇప్పుడు బాగున్నాడు. భరించలేని నొప్పితో పాటు మూత్రం ఆ రంగులోకి మారితే ఇంటి వైద్యాలు చేయకండి, పరుగున వెళ్లండి.

రాత్రి_డ్యూటీ
ఇలాంటి కేసులు మా వార్డుకు కూడా వచ్చాయి. ఎక్కువగా కుర్రవాళ్లే, ఎక్కువగా మొదటి వారమే.

ఆవకాయ_మే
వ్యాయామం అంటే జిమ్ము గంట ఒక్కటే లెక్క వేస్తున్నారు అందరూ. మా ఇంట్లో వచ్చే నెల ఆవకాయ. నలభై మామిడికాయలు కత్తిపీట మీద కొట్టి, ఆవాలు దంచి, జాడీలు ఎత్తిపెట్టిన రోజు నేను జిమ్ముకు వెళ్లను. నా భుజం ఆ రోజు పని చేసేసింది. ఇల్లు మారిన రోజు, పిల్లవాడికి జ్వరం వచ్చి రాత్రంతా కూర్చున్న రోజు, ఆఫీసులో మార్చి నెల లెక్కలు ముగించిన వారం, ఇవన్నీ ఒకే సంచిలోంచి ఖర్చవుతాయి. కృష్ణలంక గారూ, మీరు లెక్కలు చూసే మనిషి. మార్చి నెలాఖరులో మీ ఆఫీసు ఎలా ఉంటుందో మాకు చెప్పాలా?

కృష్ణలంక_వాకర్
మీ పోస్టు చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను. మార్చి 15 నుంచి ఏప్రిల్ 10 దాకా రాత్రి పదికి ముందు ఇంటికి వచ్చిన రోజు లేదు. బరువు ఆగిపోయింది, నాడి పెరిగింది సరిగ్గా అప్పుడే. ఊళ్లోవాళ్ల పద్దులన్నీ రాస్తాను, ఈ పద్దు రాయలేదు.

మాస్టారూ, ఇప్పుడు ఏం చేయమంటారు? మానేయడానికి మాత్రం ధైర్యం చాలడం లేదు.

డ్రిల్లు_మాస్టారు
మానొద్దు. ఇనుము_మనిషి భయంలో నిజం ఉంది, అలవాటు తెగితే కష్టం. అందుకని వేళ తప్పకండి, మోత మార్చండి. పది రోజులు రోజూ ఒకే సమయానికి బూట్లు వేసుకుని బయటికి వెళ్లండి. వెళ్లి నడవండి, కీళ్లు కదిలించండి, తిరిగి రండి. లేచే సమయం నాలుగున్నర కాదు, ఐదున్నర. పడుకునేది పదిన్నర. తర్వాత బరువులు మూడు రోజులు, మొదటి వారం సగమే. పరుగు రెండు రోజులు, మాట్లాడగలిగే వేగంతో. మిగతా రెండు రోజుల్లో ఒకటి నడక, ఒకటి ఖాళీ. ఆ ఖాళీ రోజును కాగితం మీద ముందే రాసుకోండి. అలసిపోయాక తీసుకునేది కాదు అది. ప్రతి నాలుగో వారం అన్నీ తగ్గించాలి. రక్తపరీక్ష మాత్రం ఈ వారమే.

ఇనుము_మనిషి
వేళ తప్పకుండా మోత మార్చడం. దీనికి నేను ఒప్పుకుంటున్నాను. నిజం చెప్పాలంటే ఎడమ భుజం రెండేళ్లుగా చెయ్యి పైకెత్తితే పట్టేస్తోంది. దాటేస్తూ వచ్చాను. సోమవారం ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను.

బ్రాడీపేట_అక్క
రెండేళ్లా! సోమవారం దాకా ఎందుకు, రేపే వెళ్లండి.

కృష్ణలంక_వాకర్
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. రక్తంలో విటమిన్ డి బాగా తక్కువగా ఉంది, మందు వాడుతున్నాను. మిగతావన్నీ బాగున్నాయి. మొదటి నాలుగు రోజులు నరకం. ఒంటికి కాదు, మనసుకు. జిమ్ము ముందునుంచి నడిచి వెళ్తూ లోపల ఇనుము చప్పుడు వింటుంటే ఏదో దొంగతనం చేస్తున్నట్టు ఉండేది. ఐదో రాత్రి ఏడున్నర గంటలు ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.

నాడి 71 నుంచి 68, 66, నిన్న 62. రాత్రి పెరుగన్నం తింటున్నాను, అయినా ముల్లు 74.3కి దిగింది. మొన్న ఆదివారం తెల్లవారి ప్రకాశం బ్యారేజీ మీద ఈ చివరనుంచి సీతానగరం దాకా వెళ్లి తిరిగి వచ్చాను. దాదాపు రెండున్నర కిలోమీటర్లు, నెమ్మదిగా, మా బావమరిదితో కబుర్లు చెప్పుకుంటూ. ఇసుక సంచులు లేవు. కొండ మీద అమ్మవారి గుడి దీపాలు ఇంకా ఆర్పలేదు.

సాయంత్రం మా అమ్మాయిని భుజాల మీద ఎక్కించుకుని పద్మావతి ఘాటు దాకా నడిచాను. 19 కిలోలు. దాన్ని బరువుల రోజు కింద రాసుకున్నాను మాస్టారూ, ఒప్పుకుంటారా?

డ్రిల్లు_మాస్టారు
ఒప్పుకున్నాను. మర్నాడు ఖాళీ రోజు వేసుకోండి.

వన్‌టౌన్_బాషా
వచ్చే ఆదివారం బ్యారేజీ మీదికి నేనూ వస్తాను. ఎన్నింటికి?

కృష్ణలంక_వాకర్
ఐదూ ముప్పావుకు. అంతకంటే ముందు రాను.